ప్రొలాక్టిన్ మాట వినే కణాలు

బాలింతకు పాలు పడడానికి కారణమైన హార్మోన్ ప్రొలాక్టిన్. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథిలో ఇది తయారవుతుంది. పాలు తయారు కావడం వేరు, చేపు రావడం వేరు. దూడ పొదుగులో మూతి పెట్టి కుమ్మగానే ఆవు చేపుతుంది. ఆ చేపు ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్ చేసే పని. పొదుగు లోపల పాలు తయారు చేయించేది మాత్రం ప్రొలాక్టిన్.

ఈ హార్మోన్ 199 అమైనో ఆమ్లాలు కూర్చిన ఒక ప్రోటీన్. పిట్యుటరీ దీన్ని ఎప్పుడూ విడుదల చేయడానికి సిద్ధంగానే ఉంటుంది. మెదడు డోపమైన్‌తో అదుపు చేస్తూ ఉంటుంది. డోపమైన్ తగ్గితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. వాంతులకు వాడే డాంపెరిడోన్ మాత్ర వల్ల కొందరిలో ప్రొలాక్టిన్ పెరగడానికి కారణం ఇదే. ఆ మందు డోపమైన్‌ను అడ్డుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. రక్తంలో తిరిగే ఈ హార్మోన్ మాట ఒక కణానికి ఎలా తెలుస్తుంది? తెలిసిన తరవాత కణం లోపల ఏం జరుగుతుంది? ఈ ప్రశ్న వెనకాల దాదాపు నూరేళ్ల కథ ఉంది. ఆ కథలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే సంగతి ఒకటే. హార్మోన్ ఒకటే అయినా, ఏ కణాన్ని అడిగితే ఆ కణం తన జవాబు చెబుతుంది. అందుకే శాస్త్రవేత్తలు చివరికి తమకు కావలసిన కణాలను తామే తయారు చేసుకోవలసి వచ్చింది.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 1928లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పిట్యుటరీ సారాన్ని కుందేళ్లకు ఎక్కించి చూశారు. వాటికి పాలు పడ్డాయి. ఆ తరవాత నాలుగైదేళ్లకు అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం దానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది. ఆ బృందం కొలతకు వాడుకున్నది పావురాన్ని. పావురం మెడ కింద మేత నిలవ ఉండే సంచి ఒకటి ఉంటుంది. పిల్లలు పుట్టిన రోజుల్లో ఆ సంచి గోడ మందమై, పెరుగు తరకల్లాంటి పదార్థం ఊడివస్తుంది. దాన్నే తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లల నోట్లో పెడతాయి. ప్రొలాక్టిన్ ఎక్కిస్తే ఆ సంచి గోడ మందమవుతుంది. ఎంత మందమైందో చూసి, ఎక్కించిన మందులో ప్రొలాక్టిన్ ఎంత ఉందో అంచనా కట్టేవారు. చాలా ఏళ్లపాటు ప్రపంచానికి ప్రొలాక్టిన్ తూకం అదే.

మనిషి సంగతి మాత్రం తేలలేదు. గొర్రెకు ప్రొలాక్టిన్ ఉంది, ఆవుకు ఉంది. మనిషికి వేరుగా ఉందా లేదా అన్నది 1970 ప్రాంతం దాకా అనుమానమే. దీనికి కారణం చాలా ఆసక్తికరమైనది. మనిషి పిట్యుటరీలో గ్రోత్ హార్మోన్ చాలా ఎక్కువ, ప్రొలాక్టిన్ చాలా తక్కువ. పైగా మనిషి గ్రోత్ హార్మోన్ పాల పని కూడా చేయగలదు. పరీక్షలో పాలు కనబడినప్పుడల్లా, అది గ్రోత్ హార్మోన్ మహిమే అనుకునేవారు. కెనడాలో హెన్రీ ఫ్రీసెన్, అమెరికాలో ఆండ్రూ ఫ్రాంట్జ్, వారి సహచరులు రెండింటినీ విడదీసి చూపాక గాని మనిషి ప్రొలాక్టిన్‌కు సొంత ఉనికి రాలేదు.

గ్రోత్ హార్మోన్ ప్రొలాక్టిన్ పని ఎలా చేయగలిగింది? ప్రొలాక్టిన్ కోసం కణం మీద ఉన్న గ్రాహకానికి అదీ అంటుకోగలదు కాబట్టి.

గ్రాహకం అంటే కణం పొరలో నిలిచి ఉండే ఒక పొడవాటి ప్రోటీన్. ఒక కొస కణం బయట ఉంటుంది, హార్మోన్ వచ్చి పట్టుకునేది అక్కడ. నడుమ భాగం పొరను ఒక్కసారి దాటుతుంది. మిగిలిన తోక కణం లోపల ఉంటుంది. ప్రొలాక్టిన్ గ్రాహకం జన్యువును పాల్ కెల్లీ బృందం 1988లో మొదటిసారి పట్టుకుంది. పట్టుకున్నది ఎలుక లివర్‌లో. పాలతో ఏ సంబంధమూ లేని లివర్‌లో ఈ గ్రాహకం ఎందుకు అని అడగవచ్చు. నిజానికి ఇది లివర్‌లోనే కాదు, కిడ్నీలో, ఎముకలో, చర్మంలో, మెదడులో, రక్తంలోని రక్షక కణాల్లో కూడా ఉంది. ఆడవారిలోనే కాదు, మగవారిలోనూ ఉంది. ప్రొలాక్టిన్‌ను పాల హార్మోన్ అనడం అబద్ధం కాదు, కాని అది సగం నిజం.

ఈ గ్రాహకానికి ఒక విశేషం ఉంది. కణంలో కబురు నడిపించే పని చేయడానికి దానికి సొంత ఎంజైమ్ లేదు. అందుకని జాక్-2 అనే ఎంజైమ్‌ను ఎప్పుడూ తోకకు తగిలించుకుని ఉంటుంది. బయట హార్మోన్ వచ్చి పట్టుకోగానే లోపల రెండు జాక్-2లు దగ్గరై ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. మేల్కొన్న జాక్-2 గ్రాహకం తోక మీద అక్కడక్కడ ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తులున్న చోటికి స్టాట్-5 అనే ప్రోటీన్ వచ్చి చేరుతుంది. దానికీ ఫాస్ఫేట్ తగులుతుంది. ఫాస్ఫేట్ తగిలిన స్టాట్-5లు రెండేసి జతకట్టి కేంద్రకంలోకి పోతాయి. అక్కడ డీఎన్ఏ మీద తమ చోటు వెతుక్కుని, పాలలో ఉండే కేసీన్ ప్రోటీన్ జన్యువును పని చేయిస్తాయి.

ఈ వరుసను మరొకసారి చెప్పుకుంటే మేలు. బయట హార్మోన్. పొరలో గ్రాహకం. దాని తోకకు జాక్-2. జాక్-2 మేల్కొలిపేది స్టాట్-5ను. స్టాట్-5 చేరేది కేంద్రకానికి. ఇంతే. ఇంకా కొన్ని పక్కదారులు ఉన్నాయి, కణం పెరుగుదలకూ మనుగడకూ సంబంధించినవి. ఈ పని ఆపడానికి సాక్స్ అనే ప్రోటీన్లూ ఉన్నాయి. రాజమార్గం మాత్రం ఇదే.

ఇదే మార్గాన్ని వేరే దిక్కు నుంచి వచ్చినవారు కూడా కనిపెట్టారు. స్టాట్-5కు మొదట ఆ పేరు లేదు. బెర్న్‌డ్ గ్రోనర్ బృందం 1994లో పాలిచ్చే గొర్రె పొదుగు కణజాలం నుంచి దాని జన్యువును తీసి, పాలగ్రంథి కారకం అని పిలిచింది. తరవాత అది స్టాట్ కుటుంబంలో అయిదోది అని తేలింది.

ఇప్పుడు గ్రాహకాల జంట సంగతి. ఒక హార్మోన్ అణువుకు రెండు పక్కలున్నాయి. ఒక్కో పక్క ఒక్కో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఒక పక్క పట్టు గట్టిది, రెండో పక్క పట్టు కాస్త వదులు. ఒకే అణువు రెండు గ్రాహకాలనూ పట్టుకుంటేనే కబురు లోపలికి పోతుంది. మంచం ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఒక్కొక్కరికీ ఒక్కో మంచం అప్పజెబితే ఏ మంచమూ లేవదు. ప్రొలాక్టిన్ మరీ ఎక్కువైనప్పుడు జరిగేది అదే. ప్రతి గ్రాహకానికీ విడిగా ఒక హార్మోన్ అణువు దొరికిపోతుంది, జంట పని కుదరదు. అందుకే సెల్ పరీక్షల్లో మోతాదు పెంచుకుంటూ పోతే ప్రభావం కొంతదాకా పెరిగి, ఆ పైన తగ్గుతుంది. ఎంత పోస్తే అంత పని అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

హార్మోన్‌ను అడ్డుకోవాలనుకున్నవారికి ఇది మంచి ఆధారమైంది. రెండో పక్కను చెడగొడితే చాలు కదా అని ఆలోచించారు. ప్రొలాక్టిన్‌లో 129వ స్థానంలో గ్లైసిన్ అనే చిన్న అమైనో ఆమ్లం ఉంది. దాన్ని తీసి ఆర్జినిన్ అనే పెద్దదాన్ని పెట్టారు. ఇక రెండో గ్రాహకానికి చోటు ఇరుకైపోయింది. మారిన హార్మోన్ గ్రాహకాన్ని పట్టుకుంటుంది, పని మాత్రం చేయనివ్వదు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. ఏ కణంలో పరీక్షించారన్న దగ్గరే చిక్కు వచ్చింది. అది తెలియాలంటే ముందు ఎన్‌బి-2 కణాల గురించి చెప్పుకోవాలి.

కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మన పెరళ్లలో పెరిగే బిళ్ళగన్నేరు ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును 1950ల చివర్లో వెలికి తీసింది ఆయన, చార్లెస్ బీర్. చాలా ఏళ్ల తరవాత ఇదే ఇద్దరు, పీటర్ గౌట్‌తో కలిసి, మరో పని చేశారు. నోబుల్ పెంచుతూ వచ్చిన ఎలుకల జాతిలో వచ్చిన ఒక రకం లింఫోమా కణాలను గాజు పాత్రలో పెంచారు. ఆ కణాలు ప్రొలాక్టిన్ ఉంటేనే పెరుగుతున్నాయని 1980లో ప్రకటించారు. నోబుల్ ఎలుకల పేరు మీదనే వాటికి ఎన్‌బి-2 అని పేరు.

ఇది పావురం పరీక్షకు ముగింపు పలికింది. పక్షికి సూదులు వేసి రోజుల తరబడి చూడనక్కరలేదు. కణాలకు హార్మోన్ పోయడం, మూడు రోజులాగి లెక్కపెట్టడం. అతి స్వల్పమైన ప్రొలాక్టిన్‌కు కూడా ఈ కణాలు పలికేవి.

పరీక్ష చేసేవారికి మాత్రం ఒక తలనొప్పి ఉండేది. కణాలను పెంచడానికి మామూలుగా వాడే పిండ దశలోని దూడ సీరంలో కూడా ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లు ఉంటాయి. అందులో ఉంచితే కణాలు ఎలాగూ పెరుగుతాయి, ఇక కొలత ఎక్కడిది? అందుకని పరీక్షకు ముందు వాటిని వృషణాలు తీసేసిన మగ గుర్రం సీరంలోకి మార్చి, ఆకలితో ఉంచేవారు. పాల హార్మోన్ల బెడద తక్కువగా ఉండే సీరం కోసం ఎంత దూరం వెతికారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎన్‌బి-2 కణాల్లో పెద్ద లోపం ఒకటి ఉంది. అవి ఎలుక కణాలు. వాటిలో ఉన్నది ఎలుక గ్రాహకం, అదీ పూర్తి రూపం కాదు. తోకలో 198 అమైనో ఆమ్లాలు లేని కురచ రూపం. మనిషి హార్మోన్ గురించి ఎలుక గ్రాహకాన్ని అడిగితే అది చెప్పేది ఎలుక జవాబు.

129వ స్థానంలో మార్చిన హార్మోన్ విషయంలో తేలింది సరిగ్గా ఇదే. మానవ గ్రాహకం ఉన్న కణాల్లో అది హార్మోన్‌కు అడ్డుపడింది. ఎన్‌బి-2 కణాల్లో మాత్రం, బలహీనంగానైనా, హార్మోన్ లాగే పని చేస్తూ వచ్చింది. ఒకే అణువు ఒక చోట విరోధి, మరో చోట మిత్రుడు. తరవాత ఫ్రాన్స్‌లో విన్సెంట్ గోఫిన్ బృందం ఆ హార్మోన్ మొదట్లోని 9 అమైనో ఆమ్లాలను కూడా కత్తిరించింది. అప్పుడు గాని అది నికరమైన నిరోధకం కాలేదు.

ఇక్కడే మలిచిన కణాల అవసరం వచ్చింది. వాటిలో బాగా పేరున్నవి బా-ఎఫ్3 కణాలు. ఇవి చిట్టెలుక రక్త కణాల మూలం నుంచి వచ్చినవి. వీటికి ప్రొలాక్టిన్ గ్రాహకం లేదు. బతకడానికి ఇంటర్‌ల్యూకిన్-3 అనే మరో ప్రోటీన్ కావాలి. అది ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. ఈ బలహీనతే శాస్త్రవేత్తలకు కలిసి వచ్చింది.

పని ఇలా సాగుతుంది. మానవ ప్రొలాక్టిన్ గ్రాహకం జన్యువును ఒక ప్లాస్మిడ్‌లో పెడతారు. ప్లాస్మిడ్ అంటే చిన్న గుండ్రని డీఎన్ఏ. అందులోనే ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువునూ చేరుస్తారు. కణాలున్న ద్రవానికి క్షణకాలం కరెంటు పెడితే పొరల్లో సన్నని రంధ్రాలు పడతాయి, ప్లాస్మిడ్ లోపలికి పోతుంది. అన్ని కణాల్లోకీ పోదు. తరవాత యాంటీబయాటిక్ పోస్తారు. ప్లాస్మిడ్ అందని కణాలు చనిపోతాయి. బతికినవాటికి ఇంటర్‌ల్యూకిన్-3 ఆపేసి, బదులుగా మనిషి ప్రొలాక్టిన్ ఇస్తారు. ఇక బతికి పెరిగేది, గ్రాహకం సరిగ్గా పని చేస్తున్న కణం ఒక్కటే. అలాంటి ఒక్క కణాన్ని వేరు చేసి, దాని సంతతిని పెంచితే అదే కొత్త సెల్ లైన్. ఇందులో ఒక మెలకువ ఉంది. గ్రాహకాలు కణం మీద మరీ గుంపుగా ఉంటే ఫలితం వక్రిస్తుంది. అందుకే గ్రాహకాలు తక్కువగా ఉన్న సంతతిని ఏరి పెట్టుకున్న బృందాలూ ఉన్నాయి. 

రెండో రకం కణాలు హెక్-293. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం మానవ పిండం కిడ్నీ కణాల నుంచి వీటిని తయారు చేశాడు. ఆయన ప్రయోగాల వరుసలో అది 293వది, ఆ అంకె పేరులో ఉండిపోయింది. జన్యువులను చేర్చడానికి ఇంత అనువైన కణాలు తక్కువ. వీటిలో మానవ గ్రాహకాన్ని పెడతారు. దానితోపాటు మిణుగురు పురుగు వెలుగుకు మూలమైన లూసిఫెరేజ్ జన్యువును చేరుస్తారు. ఆ జన్యువు ముందు, స్టాట్-5 వచ్చి కూర్చునే డీఎన్ఏ ముక్కను తగిలిస్తారు. ప్రొలాక్టిన్ పోస్తే స్టాట్-5 కేంద్రకానికి చేరి, ఆ ముక్క మీద కూర్చుంటుంది. లూసిఫెరేజ్ తయారవుతుంది. దానికి కావలసిన లూసిఫెరిన్ ఇస్తే వెలుగు వస్తుంది. ఎంత వెలుగో యంత్రం కొలుస్తుంది. కణాలను లెక్కపెట్టే పని లేదు, ఒక్క రోజులో జవాబు. జాక్-2 లేకపోతే ఏమవుతుందో చూడాలంటే, జాక్-2 లేని మానవ కణాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్కో భాగాన్నీ తిరిగి పెట్టి, ఏది ఎందుకో తేల్చుకోవచ్చు.

ఇలా మలిచిన కణాలు ఆసుపత్రికి పనికొచ్చిన ఉదాహరణ ఒకటి చెప్పుకోదగ్గది. నెలసరి సరిగా రాని స్త్రీలకు డాక్టర్లు తరచుగా ప్రొలాక్టిన్ టెస్ట్ రాస్తారు. గర్భం లేనివారిలో సాధారణంగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. కొందరిలో రిపోర్టు చాలా ఎక్కువ చూపుతుంది, లక్షణాలేమీ ఉండవు. కారణం మాక్రోప్రొలాక్టిన్. అంటే ప్రొలాక్టిన్‌కు శరీరంలోని యాంటీబాడీ అతుక్కుని పెద్ద ముద్దగా రక్తంలో తిరగడం. ఇది చురుకైన హార్మోనా కాదా? ఎన్‌బి-2 కణాలను అడిగితే చురుకైనదే అన్నాయి. లక్షణాలు లేని మనిషి మరోలా చెబుతోంది. బ్రెజిల్ పరిశోధకులు 2006లో మానవ గ్రాహకం పెట్టిన బా-ఎఫ్3 కణాల్లో పరీక్షించారు. మాక్రోప్రొలాక్టిన్ చురుకు చాలా తక్కువ అని తేలింది. ఆ కణాల మాటే రోగి ఒంటితో కలిసింది.

జాతి మారితే జవాబు మారుతుందనడానికి ఇంకో నిదర్శనం కూడా అదే ఏడాది వచ్చింది. మానవ గ్రాహకం చిట్టెలుక ప్రొలాక్టిన్‌కు దాదాపు పలకదు. రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో మనిషి కణితిని చిట్టెలుకలో పెంచడం మామూలే. ఆ కణితికి ప్రొలాక్టిన్ అందుతోందని చాలామంది అనుకుంటూ వచ్చారు. చిట్టెలుక హార్మోన్ దానికి దాదాపు పట్టదు. దీని తరవాత మనిషి ప్రొలాక్టిన్ తయారు చేసుకునే చిట్టెలుకలను మలచవలసి వచ్చింది.

గ్రాహకంలోనే పుట్టుకతో లోపం ఉంటే? అలాంటి ఒక కుటుంబాన్ని 2013లో వైద్యులు వర్ణించారు. ముగ్గురు అక్కచెల్లెళ్లకు రక్తంలో ప్రొలాక్టిన్ ఎక్కువ. పిట్యుటరీలో కణితి కనబడలేదు. జన్యువు చదివితే గ్రాహకంలో 188వ స్థానంలో హిస్టిడిన్ బదులు ఆర్జినిన్ ఉంది. అది నిజంగా దోషమా, లేక అమాయకమైన తేడానా? ఆ గ్రాహకాన్ని హెక్-293 కణాల్లో పెట్టి చూశారు. స్టాట్-5 మేల్కోలేదు. కబురు చెవిన పడకపోవడం వల్లే శరీరం హార్మోన్‌ను పెంచుకుంటూ పోయిందని అర్థమైంది.

పశువుల్లోనూ ఇలాంటి కథ ఉంది. కరీబియన్ దీవుల్లో సెనెపోల్ అనే పశువుల జాతి పొట్టి, నున్నటి వెంట్రుకలతో వేడిని బాగా తట్టుకుంటుంది. ప్రొలాక్టిన్ గ్రాహకం జన్యువులో ఒక్క అక్షరం ఎగిరిపోయి, గ్రాహకం తోక 120 అమైనో ఆమ్లాల మేర తెగడం దీనికి కారణమని 2014లో తెలిసింది. అదే పరిశోధనలో న్యూజిలాండ్ పాడి పశువుల్లో ఎదురు కథ బయటపడింది. అక్కడ తప్పు గ్రాహకంలో కాదు, ప్రొలాక్టిన్‌లోనే. ఆ పశువులకు ఒంటినిండా దట్టమైన వెంట్రుకలు, పాలు రావు. గ్రాహకం తోక తెగడంతో వచ్చిన వేడి తాళే గుణాన్ని జన్యు సవరణతో వేరే జాతి పశువుల్లోకి తెచ్చారు. అలాంటి మాంసపు పశువులకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో అభ్యంతరం లేదంది.

మలిచిన కణాలకు వాటి హద్దులు వాటికి ఉన్నాయి. హెక్-293 కిడ్నీ కణం, అది పాలు ఇవ్వదు. దానిలో వెలిగేది మిణుగురు జన్యువు, కేసీన్ కాదు. కేసీన్ తయారీ చూడాలంటే హెచ్‌సి-11 వంటి చిట్టెలుక పాలగ్రంథి కణాలు కావాలి. కొన్ని రకాల పాలగ్రంథి కణాలు ఉత్త ప్లాస్టిక్ పాత్రలో ఉంటే సరిగా పని చేయవు. ఒంట్లో ఉండే ఆధార పొర లాంటిది కింద ఉంటేనే వాటిలో స్టాట్-5 ఎక్కువసేపు మేల్కొని ఉంటుంది.

ఇన్ని కణాల మీద తేల్చుకున్న తరవాత ఔషధాలు మనుషుల దాకా వచ్చాయి. గ్రాహకానికి అతుక్కుని హార్మోన్‌ను అడ్డుకునే యాంటీబాడీని ముదిరిన రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో పరీక్షిస్తే కణితులు కుదించుకుపోలేదు. గాజు పాత్రలో బాగా పని చేసిందన్నంత మాత్రాన ఒంట్లో కూడా చేస్తుందన్న హామీ లేదు. అదే గ్రాహకాన్ని అడ్డుకునే మరో యాంటీబాడీని ఇప్పుడు ఎండోమెట్రియోసిస్ బాధ మీదా, మగవారి బట్టతల మీదా పరీక్షిస్తున్నారు. సెనెపోల్ పశువుల వెంట్రుకల కథ విన్నవారికి బట్టతల పేరు వింతగా ఏమీ తోచదు.